పన్నెండో సీసా

ఎనభై మూడులో నాకు కామెర్లు వచ్చి తగ్గాయి. తగ్గిన సంగతి డాక్టరుకు తెలుసు, నాకు తెలుసు. మా ఆవిడ శకుంతల ఒక్కతే ఒప్పుకోలేదు.

వరంగల్ చౌరస్తాలో నాకు బట్టల దుకాణం ఉంది. నేను మంచం పట్టినప్పటి నుంచి నా గద్దె మీద బావమరిది సారంగపాణి కూర్చుంటున్నాడు. అతనికి వాయిలుకూ పాప్లిన్‌కూ తేడా తెలియదు. ఇరవై ఏళ్ళుగా నా దగ్గరే పెళ్ళిబట్టలు తీసుకునే స్టేషన్ ఘన్‌పూర్ వాళ్ళు ఎదుటి దుకాణం మెట్లెక్కారని విన్న రోజు నాకు అన్నం సహించలేదు. దాన్ని కూడా శకుంతల నీరసం కిందే జమకట్టింది.

అసలు జబ్బు నా ఒంట్లో లేదు, పక్కింట్లో ఉంది. పక్కింటి భారతి హైదరాబాదు నుమాయిష్ ఎగ్జిబిషన్ నుంచి రంగురంగుల ప్లాస్టిక్ డబ్బాలు పన్నెండు తెచ్చి వంటింటి అరలో వరుసగా పెట్టింది. శకుంతల చూసి వచ్చి, "లోపట పప్పున్నదో ఉప్పున్నదో మూత తీస్తెగాని తెల్వది. అవేం డబ్బాలు" అంది. అంది గానీ, ఆ పూట కూరలో ఉప్పు మరిచిపోయింది. తనకూ పన్నెండు కావాలి. ఒకే తీరువి, అవీ గాజువి.

ఆ రోజుల్లో రోగిని చూడవచ్చేవాళ్ళు ఒట్టి చేతులతో వచ్చేవాళ్ళు కాదు, హార్లిక్స్ సీసా తెచ్చేవాళ్ళు. నా కామెర్లకు ఏడు వచ్చాయి. రోజుకు నాలుగు గ్లాసుల చొప్పున నేను తాగి ఖాళీ చేశాను. శకుంతల వాటిని కడిగి, కాగితం ఊడబెరికి, పప్పులూ చక్కెరా పోసి పేర్చింది. వరుస ఏడు దగ్గర ఆగింది. నేను లేచి తిరుగుతున్నానని తెలిస్తే ఇక ఎవరు తెస్తారు? అందుకని నన్ను వాకిట్లోకి కూడా రానివ్వలేదు. ఎవరైనా వస్తే దుప్పటి మెడదాకా కప్పి, ఇంకా కోలుకోలేదని తానే చెప్పేది. నేను నోరు తెరిస్తే గ్లాసు అందించేది.

ప్లాస్టిక్ తెస్తే పీడ పోతుందనుకున్నాను. సారంగపాణితో ఆరు డబ్బాలు తెప్పించి, తేలికనీ, కింద పడ్డా పగలవనీ మంచం మీద నుంచే వాటిని పొగిడాను. శకుంతల అప్పుడే పోపు పెట్టిన మామిడికాయ తొక్కు పచ్చడిని వేడివేడిగా ఒకదాంట్లో పోసింది. తెల్లారేసరికి డబ్బా మూతి వంకర పోయి మూత పట్టలేదు. తొక్కు తీసేసి, మూడుసార్లు సబ్బుతో తోమి నా ముక్కు దగ్గర పెట్టింది. వాసన అట్లాగే ఉంది. "సీసైతే గిట్ల చేస్తదా?" అంది. మరిగే నూనె పోస్తే సీసా పగిలిపోతుందని చెప్పే ఓపిక నాకు నిజంగానే లేదు.

హార్లిక్స్ సీసాలు ఎనిమిది, తొమ్మిది అయ్యాయి. ఖిలా వరంగల్ నుంచి ఒక దూరపు చుట్టం పెద్ద సీసా తెచ్చాడు. మిగతావాటితో కలవదని శకుంతల దాన్ని వరుసలో పెట్టలేదు. తాగడం మాత్రం నాకు తప్పలేదు.

మూడు నెలలకు పన్నెండోది ఖాళీ అయింది. దాన్ని సోంపుతో నింపి, అర ముందు నిలబడి శకుంతల చాలాసేపు చూసుకుంది. ఆ ముఖం చూసి నాకూ సంతోషం వేసింది. రేపటి నుంచి దుకాణానికి పొమ్మంది.

పొద్దున్నే స్నానం చేసి ఇస్త్రీ లాల్చీ వేసుకున్నాను. వంటింట్లో శకుంతల భారతికి అర చూపిస్తోంది. ఏ సీసాలో ఏముందో మూతలు తీయకుండానే కనిపిస్తోందనీ, తన డబ్బాలకన్నా ఇవే నయమనీ భారతి ఒప్పుకుంది. నా కష్టం ఫలించిందనుకున్నాను. పోయేముందు కాస్త నోట్లో వేసుకుందామని సోంపు సీసా అందుకున్నాను. మూత రాలేదు. గట్టిగా తిప్పాను. సీసా చేతిలోంచి జారి బండల మీద పడి పగిలింది.

సోంపు భారతి కాళ్ళదాకా చెదిరింది. శకుంతల తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. దగ్గరికి వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"చేతులు వణుకుతానయ్ భారతీ. ఇంకా జర నీరసమున్నట్టున్నది. నలుగురికి చెప్పు, వచ్చి చూసిపోతరు."

నేను లాల్చీ విప్పి మంచం ఎక్కాను. దుప్పటి మెడదాకా నేనే కప్పుకున్నాను.