పెట్టెకు ఊపిరి

పటాన్‌చెరు బజారులో డోలక్ దుకాణం తాళంచెవిని జాహెదా కొంగున ముడేసుకుని తిరగడం ఆమె చిన్నాన్న కరీముల్లాకు కంట్లో నలుసులా ఉండేది. అన్న అబ్దుల్ కరీం, అంటే జాహెదా తండ్రి, పోయి ఏడాదైంది. ఆయన బతికున్నన్నాళ్లూ డోలక్కులకు తోలు మూసిందీ, తాళ్లు బిగించిందీ, కొయ్య తొలిచిందీ ఈ పిల్లే. కానీ పరదా వెనక కూర్చుని చేసినన్నాళ్లూ అది తండ్రి పని. తండ్రి పోయాక అరుగు మీదికొచ్చి చేసేసరికి అదే పని తలవంపులైంది. చేతులు అవే, తోలు అదే. మధ్యలో ఒక గుడ్డ పీలిక తొలగింది, అంతే. ఆ పీలికకే పరువంతా వేలాడుతోందని జాహెదాకు ఎవరూ అంతకుముందు చెప్పలేదు.

కరీముల్లా ఆ దుకాణాన్ని ఒక సైకిళ్లవాడికి కిరాయికి ఇస్తానని మాటిచ్చి కూర్చున్నాడు. మాటిచ్చేముందు జాహెదాను గానీ, ఆమె తల్లి ఆలంబీని గానీ అడగలేదు. ఒక శుక్రవారం నమాజు అయ్యాక నలుగురినీ వెంటబెట్టుకుని వచ్చి, ఆ నలుగురూ వినాలని తెలుగులోనే షరతు పెట్టాడు.

"ఒక్క పెద్దమనిషి నీ చేతి సామాను వంక వెట్టకుండ తీస్కపోవాలె. తీస్కపోతే కూసో. లేకుంటే తాళం నాకియ్యి."

జాహెదాకు ఒళ్లు మండింది. ఒళ్లు మండినప్పుడు మనిషి చేసే మొదటి తెలివితక్కువ పనే ఆమె చేసింది. సరే అనేసింది.

నాలుగు రోజులు తిరక్కుండానే దుకాణం ముందు ఒక పాత అంబాసిడర్ ఆగింది. దిగినాయన నరసరాజు. బీరంగూడ పక్కనున్న పెద్ద ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. భీమవరం వైపు నుంచి ఉద్యోగానికొచ్చి పన్నెండేళ్లు. అందులో పదేళ్లు ఆవిరి సుత్తుల దగ్గర నిలబడి చెవులు సగం పోగొట్టుకున్నవాడు. సన్నని శబ్దాలు ఆయనకు అందవు. లావు శబ్దాలు మాత్రం చెవితో కాక వీపుతో వింటానని ఆయనే నవ్వుతూ చెప్పాడు.

కారులో ఆయన బావమరిది కువైట్ నుంచి తెచ్చిన టేప్‌రికార్డర్ ఉంది. కోఠిలో కొన్న పది అంగుళాల స్పీకరు ఉంది. దానికి కారు డిక్కీలో పెట్టుకునే పెట్టె కావాలి. అప్పటికే ఒక వడ్రంగి చేసిచ్చిన పెట్టె పాట ఎత్తుకోగానే కిర్రుకిర్రుమని తనే పాడటం మొదలుపెట్టిందట. శబ్దం మోసే కొయ్య సంగతి డోలక్కుల వాళ్లకు తెలుస్తుందని ఎవరో చెబితే వచ్చాడు. అరుగు మీద ఆడమనిషి ఉందని వెనక్కి తిరగలేదు. జాహెదా దాన్ని గమనించింది.

ఆయన జేబులోంచి మడతలు పడ్డ కాగితం తీశాడు. ఏదో విదేశీ పత్రికలోంచి కత్తిరించిన బొమ్మ. పెట్టె ఆరు వైపులా మూసెయ్యాలి, గాలి బయటికీ పోకూడదు, లోపలికీ రాకూడదు అని అందులో ఉందన్నాడు.

జాహెదా నవ్వింది. పక్కనున్న డోలక్ తిప్పి, కొయ్యకు నడుమ ఉన్న చిన్న రంధ్రం చూపించింది. అది ఊపిరి. అది లేకపోతే తోలు మీద దెబ్బ పడ్డప్పుడు లోపలి గాలికి దారి లేక, మోత గొంతులోనే చచ్చిపోతుందని తండ్రి నేర్పాడు.

"ఊపిరాడకుండ మూస్తే ఎట్ల పాడుతది సార్?" అంది.

"ఏమోనమ్మా, పుస్తకంలో అలా రాశారు. నాకు కావల్సింది ఒక్కటే. మా అన్నయ్య ఎడమ చెయ్యి వినపడాలి."

ఆయన అన్న బాపిరాజు హరికథలకు మృదంగం వాయించేవాడు. రెండేళ్ల కింద పోయాడు. ఎవరో పుణ్యాత్ముడు ఒక కథ టేపులో పట్టాడు. అదొక్కటే మిగిలింది. కారులో ఉన్న చిన్న స్పీకర్లలో కుడి చేతి టకటకలే వస్తున్నాయి. అవి నరసరాజు చెవికి అందవు. ఆయనకు అందే ఎడమ చేతి గుమ్మనే మోత ఆ స్పీకర్లకు అందదు. అన్నదమ్ముల మధ్య అదీ తంటా.

ఎనిమిది రోజులు జాహెదా ఆ పెట్టెతోనే బతికింది. మామిడి చెక్క దళసరిగా కోసి, మూలలు ఒకదాన్నొకటి కరిచిపట్టేలా కూర్చి, జిగురు మరిగించి పోసింది. ముందువైపు స్పీకరుకో కంత, దాని కింద నాలుగు వేళ్లు పట్టేంత ఇంకో కంత. రెండో కంత వెనక రేకు గొట్టం అమర్చి, దాన్ని వేలెడు వేలెడు కత్తిరిస్తూ, ప్రతిసారీ మూతి దగ్గర ఊది విని, మోత లావెక్కేదాకా వదల్లేదు. ఆ రెండో కంతలోంచి కోసి తీసిన గుండ్రటి చెక్కముక్కను పారెయ్యలేదు. జిగురు గిన్నెకు మూతయింది.

పుస్తకం రాసినవాడు పిచ్చివాడా, ఒకసారి ఆలోచించమని ఆలంబీ పరదా వెనకనుంచి రెండుసార్లు అంది. జాహెదా వింటేగా. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

ఆదివారం పొద్దున పరీక్ష. డోలక్కును ఎప్పుడూ ఆరుబయటే వాయించి చూడాలి, అది మోగేది పెళ్లి పందిట్లో గానీ పెట్టెలో కాదు అనేది అబ్దుల్ కరీం నియమం. కూతురు ఆ నియమం ప్రకారమే పెట్టెను అరుగు మీద పెట్టింది. కారు నుంచి తీగలు లాగారు. బజారు సగం పోగైంది. కరీముల్లా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

హరికథ మొదలైంది. మృదంగం ఎడమ చెయ్యి పడగానే ఎదురు హోటల్లో గ్లాసులు గణగణలాడాయి. టీ తాగుతున్నవాళ్లు తాగడం ఆపారు. నరసరాజు పెట్టె మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. పాట సగంలో ఉండగానే, తీసుకుంటానమ్మా అన్నాడు. కరీముల్లా మొహం ఉప్పు ఎక్కువైన కూర తిన్నట్టయింది. ఆ మొహం చూసి జాహెదా ఎంత సంతోషపడిందో దాచాల్సిన పనిలేదు. చాలా సంతోషపడింది.

పెట్టెను డిక్కీలో పెట్టించి, మోత లోపలికి వచ్చేలా వెనక సీటు వెనకున్న అట్ట తీయించాడు రాజుగారు. చేసినవాళ్లు కూర్చుని వినాలి కదా అని తల్లినీ కూతుర్నీ కారెక్కమన్నాడు. లారీల దుమ్ముకు అద్దాలన్నీ ఎత్తేశాడు. టేపు మళ్లీ మొదలుపెట్టాడు.

జాహెదా మొహంలో నవ్వు మెల్లగా పోయింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఈమె రచ్చ గెలిచి, నాలుగు తలుపుల మధ్యకొచ్చి ఓడిపోయింది. బయట అంత ఠీవిగా పలికిన మృదంగం లోపల మూలుగుతోంది. ఒక దెబ్బ ఆరకముందే రెండోది దాని మీద పడుతోంది. బాపిరాజు వేసిన మూడు దెబ్బలు ఒకే దెబ్బలా, జారుడుగా, ఎవరో చేతకానివాడు వాయించినట్టు వినిపిస్తున్నాయి. మళ్లీ పెట్టమంది. మళ్లీ అంతే.

ఒక్కతే కారు దిగింది. డిక్కీ ఎత్తి, చేతులు తుడుచుకునే గుడ్డను ఉండచుట్టి గొట్టంలో బిగించి కుక్కింది. డిక్కీ వేసి మళ్లీ వచ్చి కూర్చుంది. మోత కొంచెం తగ్గింది. కానీ దెబ్బకు దెబ్బ విడిగా, చెట్టు నుంచి కాయలు ఒక్కొక్కటే రాలినట్టు పడింది. మూడు దెబ్బలు మూడే.

అప్పుడు తెలిసింది ఆమెకు. అద్దాలు ఎత్తిన కారే ఒక పెట్టె. లావు శబ్దాన్ని అదే పెంచుతుంది. దానిలోపల ఇంకో ఊపిరి కంత అక్కర్లేదు, అది ఉంటేనే చేటు. తండ్రి నియమం డోలక్కుకు నిజం. ఎండలో నిలబెట్టి చూడాల్సింది డోలక్కును. కారులో మోగే పెట్టెను ఆరుబయట పరీక్షించడం డోలక్కుల వాళ్లు మాత్రమే చేసే తప్పు, అది తనే చేసింది.

రాజుగారు అద్దంలోంచి చూసి నవ్వాడు. ఆయనకు రెండూ బాగానే ఉన్నాయట. ఆలంబీ మాత్రం విన్నది. పెళ్లిళ్లలో నలభై ఏళ్లు డోలక్ వాయించిన చెవులవి. ఆమె కూతురి మోకాలు గట్టిగా నొక్కి, ఉర్దూలో చెవిలో చెప్పింది. ఆయనకు తెలియదు, బయట నీ చిన్నాన్న ఉన్నాడు, నోరెత్తకు. ఈ ఒక్క పూట గడిస్తే దుకాణం నిలుస్తుంది.

దుకాణం నిలుస్తుంది. నిజమే. చచ్చిపోయిన మనిషి చెయ్యి మాత్రం రోజూ ఆ కారులో తప్పు వాయిస్తుంది. ఆయన తమ్ముడు అదే అన్న చెయ్యి అనుకుని మురుస్తాడు. తండ్రి డోలక్కును అట్లా తప్పుగా మోగించి ఎవరైనా ఇది అబ్దుల్ కరీం పనితనం అంటే తను ఊరుకునేదా?

కారు దిగి అందరి ముందూ చెప్పేసింది.

"తప్పు నాది రాజు సార్. మీ పుస్తకమే కరెక్టు. కారుకు మూసిన పెట్టే మంచిది. మీ అన్న మూడు దెబ్బలు కొడితే నా పెట్టె ఒక్కటి చేస్తున్నది. ఆగుండ్రి, ఇప్పుడే మూసిస్త."

నరసరాజు టేపు ఆపి కారు దిగాడు. "నాకు తెలియలేదమ్మా. నువ్వు చెప్పకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు," అన్నాడు.

కరీముల్లాకు ప్రాణం లేచొచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లను చూశాను గానీ, ఆడి గెలిచి మద్దెల ఓడని చెప్పుకునే పిచ్చిదాన్ని ఇప్పుడే చూస్తున్నానన్నాడు. నలుగురూ నవ్వారు. ఆయన ముందుకొచ్చి అరచెయ్యి చాచాడు.

"వంక నీ నోటితోనే చెప్పినవ్. తాళం తే."

జాహెదా ఆ చేతిని చూసింది. పెద్ద చెయ్యి. ఒక్క డోలక్ తాడైనా లాగని మెత్తటి చెయ్యి.

"అబ్బాజాన్ చేసిన డోలక్కులు ఎన్ని వాపస్ రాలేదు చాచా? తోలు పలిగిందని ఒకటి, తాళ్లు వదులైనయని ఒకటి. కూసుండి బాగుచేసి ఇచ్చిండు. అప్పుడు తాళం అడగనీకి ఎవరొచ్చిండ్రు?" అంది. "నీ షరతుకు సరే అన్నదే నా తప్పు. పెట్టె తప్పు ఇగో ఇప్పుడే సరిజేస్త. గా తప్పు గూడ ఇప్పుడే సరిజేస్తున్న. రాజు సార్ తీస్కపోయినా, తీస్కపోకున్నా, ఈ దుకాణం నాది. నేన్ లేవ."

ఎవరూ నవ్వలేదు.

ఆమె అరుగెక్కి జిగురు గిన్నె మీది చెక్కమూత తీసుకుంది. కంతలోంచి తీసిన ముక్కే అయినా రంపం తిన్న మేరకు వదులుగా ఉంటుంది. దాని అంచు చుట్టూ తడిపిన మేకతోలు పట్టీ చుట్టాలి. దానికి రెండు చేతులూ కావాలి. వేడి గిన్నె మూతలేకుండా కింద పెడితే దుమ్ము పడుతుంది. ఎదురుగా కరీముల్లా చెయ్యి ఇంకా చాచే ఉంది. జాహెదా గిన్నె కాడను గుడ్డతో చుట్టి ఆ చేతిలో పెట్టింది.

"జెర పట్టు చాచా. ఒలుకుతది, పైలం."

బజారంతా చూస్తుండగా ఆయన దాన్ని కిందికి విసరలేడు, తల మీద పెట్టుకోలేడు. ఆమె డిక్కీలోంచి పెట్టె దింపించి, గొట్టం ఊడబీకి, తోలు చుట్టిన ముక్కకు జిగురు రాసి, కంతలో పెట్టి కొయ్యసుత్తితో నాలుగు దెబ్బలు వేసింది. జిగురు చాలక రెండుసార్లు ఆయన దగ్గరికి వచ్చి గిన్నెలో కుంచె ముంచుకుంది. తాళంచెవి కొంగున ఊగుతూనే ఉంది.

మధ్యాహ్నం నమాజుకు అజాన్ పిలుపు రాకముందే పెట్టె మళ్లీ కారెక్కింది. నరసరాజు అద్దాలు ఎత్తి, తలుపులు వేసుకుని ఒక్కడే విన్నాడు. బయటివాళ్లకు ఏదీ స్పష్టంగా వినపడలేదు. స్టీరింగు మీద ఆయన వేళ్లు మాత్రం కనిపించాయి. ఒకటి, రెండు, మూడు. విడివిడిగా.

కరీముల్లా గిన్నె పట్టుకునే ఉన్నాడు.