లేని పాదం మంట

పొద్దుగూకే వేళ సిరిసిల్ల నేతకార్మికుల వాడలో నడిచే వాళ్లకు ఒక ముచ్చటైన దృశ్యం కనిపిస్తుంది. బాలలక్ష్మి గోరువెచ్చని నువ్వుల నూనె గిన్నె పక్కన పెట్టుకుని, తన పెనిమిటి భూమన్న కాలికి మెల్లగా మర్దన చేస్తూ ఉంటుంది. దారినపోయే ఆడవాళ్లు "గీ రోజులల్ల గింత సేవ ఎవలు చేస్తరమ్మా!" అనుకుంటూ పోతారు. అది ఉత్త సేవే అయితే నాకు ఈ కథ చెప్పే పని ఉండేది కాదు.

భూమన్నకు ఎడమ పాదం లేదు. దాన్ని మడమ పైదాకా తీసేశారు. కానీ మంటంతా ఆ లేని పాదంలోనే.

"కాలుతున్నదే బాలలక్ష్మీ! బొటనవేలు కాలుతున్నది. ఆ ఇటుక తియ్యే!" అని మంచం మీద ఖాళీ చోటును చూపిస్తూ అరుస్తాడు. అక్కడ ఇటుకా లేదు, వేలూ లేదు. అయినా ఆమె "తీసిన, తీసిన" అంటూ ఆ ఖాళీ చోటును కొంగుతో తుడుస్తుంది.

అసలు సంగతి వినండి. భూమన్న సాంచ నడిపేవాడు. మరమగ్గాన్ని ఆ వాడలో సాంచ అనే అంటారు. సాంచ ముందు మనిషి పొద్దంతా నిలబడే ఉండాలి. అట్లా నిలబడీ నిలబడీ అతని పాదాల్లో చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు మొదలైంది. వాడలో ఎవరికి నరం గుంజినా బాలలక్ష్మి చేతి కోసమే వచ్చేవారు. ఆమె మర్దన చేస్తే నిజంగానే హాయిగా ఉండేది, కాదనడానికి నాకు నోరు రాదు. మర్దన తర్వాత ఇటుక కాపడం పెట్టేది. పొయ్యి మీద ఇటుకను కాల్చి, వావిలాకులు పరిచి, సాంచల కింద రాలిన నూలు పీచుతో చుట్టి, దాని మీద పాదం ఆనించడం. ఆ వాడలో ఇంటింటా ఉన్న వైద్యమే అది.

ఒకనాడు భూమన్న ఇంట్లోకి నవ్వుకుంటూ వచ్చాడు.

"నొప్పి పోయిందే! సూదులు లేవు, చీమలు లేవు. నీ చేతికి దండం పెట్టాలె."

ఇద్దరూ సంబరపడ్డారు. పోయిన నొప్పి మళ్లీ రాకూడదని బాలలక్ష్మి కాపడం మానలేదు. పెట్టిన ప్రతిసారీ "కాలుతుందా?" అని అడిగేది. "ఏం లే, ఇంక జర వేడి పెట్టు" అనేవాడు. ఆమె పెట్టేది. ఓసారి మాడిన వాసన వచ్చింది. ఆకు మాడిందనుకుంది. పాదం ఎత్తి చూస్తే అరికాలి తోలు నూలు పీచుకు అంటుకుని ఊడి వచ్చింది. భూమన్న ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. అతనికేమీ తెలియలేదు.

కరీంనగర్ దవాఖానలో పరీక్ష చేస్తే ఒంట్లో షుగర్ ఎప్పటినుంచో ఉందని తేలింది. పుండు లోపలికి పాకింది. డాక్టరమ్మ మెల్లగా చెప్పింది: "అమ్మా, మీ ఆయనకు నొప్పి తగ్గలేదు. నొప్పి చెప్పే నరం చచ్చిపోయింది."

పాదం తీసేశాక మంట మొదలైంది. ఉన్నన్నాళ్లు కాలుతున్నా నోరెత్తని పాదం, పోయాక రోజూ కాలుతున్నానని చెబుతోంది. తెగిన నరాలకు అది మామూలేనని, మందులు వాడుతూ, మిగిలిన కాలును పైపైన మర్దన చేస్తే కొంత ఉపశమనం ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. బాలలక్ష్మి చేస్తోంది. కానీ వావిలాకు వాసన తగిలితే ఆమె లేచి అవతలికి పోతుంది. వేరే వాళ్ల కాళ్లు ముట్టడం మానేసింది. అన్నం వండుతున్నా, బట్టలు ఉతుకుతున్నా ఆ మాడు వాసన ఆమెను వదలదు.

అట్లాంటి ఇంటికి ఒక సాయంత్రం పక్క సందులో ఉండే హనుమండ్లు, అతని భార్య రోజారాణి వచ్చారు. హనుమండ్లుదీ సాంచ పనే.

"అక్కా, మా ఆయనకు కాళ్ల నొప్పులు మొత్తం పోయినయ్!" అంది రోజారాణి సంబరంగా. "నువ్వు ముట్టుకుంట లేవని నీ లెక్కనే ఇంట్ల ఇటుక కాపడం పెట్టిన."

బాలలక్ష్మి నూనె గిన్నె కింద పెట్టింది. "హనుమండ్లూ, ఇట్ల కూసో. కండ్లు మూసుకో. నీ కాలు ముట్టుకుంట, ముట్టంగనే చెప్పు."

హనుమండ్లు కళ్లు మూసుకున్నాడు. కాసేపు ఆగాడు. నవ్వాడు.

"ముట్టు మరి వదినా, ఏం చూస్తున్నవ్?"

ఆమె అప్పటికే అతని బొటనవేలిని గోరు దిగేలా నొక్కుతోంది. రోజారాణి అది చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పాదం తిప్పి చూస్తే అరికాలి నడుమ నీటిబొబ్బ ఉంది.

"రేపు పొద్దున్నే కరీంనగర్ పో" అంది బాలలక్ష్మి.

"అమ్మో, నేను పోను! దవాఖానకు పోతే కాలు తీసేస్తరు. భూమన్నను చూస్తలేమా?"

అప్పటిదాకా మంచం మీద మూలుగుతున్న భూమన్న లేచి కూర్చున్నాడు.

"దవాఖానోళ్లు తియ్యలేదురా నా కాలు. ఆడికి పోయేసరికే అది కాలిపోయింది. షుగర్ ఉన్నదో లేదో చూపించుకోలే. మొద్దుబారితే నయమైందనుకున్న. ఇంక వేడి పెట్టుమని నేనే అన్న. బాలలక్ష్మి పాపం ఏం లేదు. నేను ముందే పోయుంటే గీ పాదం నాకుండేది."

పాదం పోయినప్పటినుంచీ ఆ మాట కోసమే ఎదురు చూసిన బాలలక్ష్మి తలుపుకు ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది. రోజారాణి ఆమెను పట్టుకుంది. "పొద్దుగాల బస్సుకే పోత" అన్నాడు హనుమండ్లు.

తెల్లారి మొదటి బస్సులో హనుమండ్లు, రోజారాణి, బాలలక్ష్మి ముగ్గురూ కరీంనగర్ పోయారు. హనుమండ్లుకూ షుగర్ ఉందని తేలింది, మందులు వాడితే ఆ బొబ్బ మానింది. రెండు పాదాలతో మళ్లీ సాంచ ముందు నిలబడ్డాడు. బాలలక్ష్మి మళ్లీ వాడ జనం కాళ్లకు మర్దన చేస్తోంది. అయితే ముందు కళ్లు మూయించి ముట్టి చూస్తుంది. స్పర్శ లేదంటే నూనె తాకనివ్వదు, పొయ్యి దగ్గరికి పోనివ్వదు, షుగర్ పరీక్షకు పంపిస్తుంది. భూమన్న మంట మాత్రం ఇంకా పోలేదు. పోతుందో లేదో కూడా ఎవరూ చెప్పలేరు.

అయ్యలారా, అమ్మలారా, మర్దన మంచిదే, ఆకూ మంచిదే, కన్నవాళ్లు నేర్పిన వైద్యాన్ని పారేయమని నేననడం లేదు. కానీ కాలి నొప్పి ఉన్నట్టుండి మాయమైతే పండుగ చేసుకోకండి. వేడి తగిలించే ముందు ఆ కాలు బతికి ఉందో లేదో చూసుకోండి.