పిలేడు

గున్నమ్మ మొగుడు అప్పలసూరికి ఫిడేలు వాయించడం వచ్చుగాని, దాని పేరు పలకడం రాదు. "పిలేడు" అనేవాడు. పర్లాకిమిడి నుంచి వచ్చే ఒరియా నాటకాలవాళ్ళు దాన్ని బెహెలా అనేవారు. ఊళ్ళో జనం పిడేలు అనేవారు. విజయనగరంలో సంగీతం చదువుకుని వచ్చినవాళ్ళు పంటితో పెదవి నొక్కి మరీ ఫిడేలు అనేవారు. సూరి నోట్లో మాత్రం డకారం, లకారం ఒకదాని చోట ఒకటి వచ్చి కూర్చునేవి. ఊరంతా నవ్వేది. "పిలేడు సూరి" అని పేరు పెట్టేశారు.

కాపరానికి వచ్చిన కొత్తలో గున్నమ్మ అతన్ని దారిలో పెడదామని చూసింది. పెరట్లో ఎదురుగా కూర్చోబెట్టుకుని పలికించింది.

"పి అను."

"పి."

"డే అను."

"డే."

"లు అను."

"లు."

"ఇప్పుడు మూడూ కలిపి అను."

"పిలేడు."

గున్నమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. సూరికీ నవ్వు ఆగలేదు. "పేరెలగ పిలిస్తే ఏటే, పిలిస్తే పలుకుతాది కదా" అన్నాడు.

వాళ్ళ ఊరు శ్రీముఖలింగానికి దగ్గరే, వంశధార పక్కన. మూడో ఏడు వానలు లేక చేలు బీటలిచ్చాయి. ఆ రోజుల్లో పని దొరకనివాళ్ళంతా రంగూన్ వెళ్ళేవారు. రంగం అనేవారు దాన్ని. సూరి కూడా భుజాన మూట, చంకలో ఫిడేలు పెట్టుకుని కళింగపట్నంలో ఓడ ఎక్కాడు. రెండేళ్ళలో వచ్చేస్తానన్నాడు. ఆ రెండేళ్ళు నిండుతూ ఉండగానే యుద్ధం వచ్చింది. రంగూన్ మీద బాంబులు పడ్డాయి. అడవులూ కొండలూ నడిచి, ఎముకలగూళ్ళయి కొందరు తిరిగొచ్చారు. సూరి రాలేదు. బాంబులు పడ్డ పూట రేవులో చూశానని ఒకడు చెప్పాడు. ఆ తరవాత చూసినవాళ్ళు లేరు.

అత్తమామలు పోయాక గున్నమ్మ తమ్ముడు గంగులు ఇంటికి చేరింది. వాడితో సమానంగా పొలం పని చేసింది. మారుమనువు చేసుకోమని తమ్ముడు బతిమాలితే వినలేదు. ఏళ్ళు గడిచిపోయాక, ఇంక బొట్టూ గాజులూ తీసెయ్యాలని పెద్దముత్తయిదువలు వచ్చి కూర్చుంటే, "సచ్చిపోనాడని ఎవులు సూసినారు? సూసినవోళ్ళు సెప్పండి, తీసెస్తాను" అంది. చూసినవాళ్ళెవరూ లేరు. వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. పెళ్ళిళ్ళకి ఆమెను పిలవాలో వద్దో తెలియక ఊరు ఇబ్బంది పడేది. కొందరు పిలిచేవారు. కొందరు ఆ వీధి తప్పించి పోయేవారు.

అరవై ఎనిమిదో సంవత్సరం శివరాత్రికి ముఖలింగం జాతరలో ఆమె తేగలు అమ్ముతోంది. విజయనగరం నుంచి వచ్చిన నాటకాల కంపెనీ గుడారం వెనక నీడ ఉంటే, గంప అక్కడ దించుకుంది. గుడారం తెర పైకి కట్టి ఉంది. లోపల సామాన్లు సర్దుతున్నారు.

"ఒరే, పెట్టెలు దాని మీద పడేత్తారేటి? అక్కడ పిలేడు ఉన్నాది, సూసుకోండి" అన్నారెవరో.

గున్నమ్మ చేతిలో తేగ ఉంది. కొనడానికి వచ్చిన మనిషి చెయ్యి చాచింది. గున్నమ్మ ఇవ్వలేదు. తల తిప్పి గుడారంలోకి చూసింది.

హార్మోనియం ముందు కూర్చున్న పెద్దమనిషి విసుక్కుంటున్నాడు. గణపతిరావు అని ఆయన పేరు. "ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు? ఫిడేలు అను. లేకపోతే వయొలిన్ అను. విజయనగరంలో ఎవరైనా వింటే నవ్విపోతారు."

"నవ్వనీండి బాబూ" అన్నాడు ఆ కుర్రవాడు. పాతికేళ్ళుంటాయి. పచ్చని మొహం, చిన్న కళ్ళు. ఈ ప్రాంతపు మనిషిలా లేడు. మాట మాత్రం ఏటి ఒడ్డు మాటే. "రంగంలో మా ఈదిలో అరవవోళ్ళు పిటిల్ అనీవోరు. బెంగాలీ బాబులు బేహాలా అనీవోరు. బర్మావోళ్ళు తయో అంతారు. ఓడల మీదొచ్చిన దొరలే ఒకడు వయలిన్ అంతే ఒకడు ఫిడ్ల్ అనీవోడు. మా అయ్య పిలేడు అనీవోడు. నాకదే నోరు తిరిగింది."

గున్నమ్మ లేచి గుడారం గుంజ పట్టుకుని నిలబడింది.

"బాబూ, మీ అయ్యదే ఊరు?"

అతను తిరిగి చూశాడు. ముసలితనం దగ్గరపడిన పల్లెటూరి మనిషి, పెద్ద బొట్టు. "వంశధార ఒడ్డని సెప్పీవోడు తల్లీ. ఊరి పేరు సెప్పీవోడు కాదు. అడిగితే మాట మార్సీవోడు."

"నీ పేరేటి?"

"కూర్మయ్య. మా తాత పేరట."

అది గున్నమ్మ మామగారి పేరు. పెద్దల పేరు నోటితో అనకూడదని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె పలకని పేరు. కొడుకు పుడితే పెట్టుకుందామని సూరి అనేవాడు. ఆమెకి బిడ్డలు పుట్టలేదు.

"మీ అయ్య ఉన్నాడా?"

"లేడు. ఏడేళ్ళయింది పోయి. రొమ్ము జబ్బు."

గున్నమ్మ మెల్లగా గంప దగ్గరికి వచ్చి కూర్చుంది. ఏదో అయిందనుకుని కూర్మయ్య చెంబుతో నీళ్ళు తెచ్చాడు. ఆమె తాగింది. అతన్ని పక్కన కూర్చోమని తేగ వలిచి ఇచ్చింది. పరాయి మనిషిని అడిగినట్టే అన్నీ అడిగింది. అతనికీ తండ్రిని గురించి చెప్పడం ఇష్టంగానే ఉన్నట్టుంది. బాంబులు పడ్డ రోజు రేవులో గోడ కూలి తండ్రి దాని కింద పడ్డాడట. అన్నం అమ్ముకునే బర్మా మనిషి ఒకామె ఇంటికి మోయించి బతికించిందట. ఆమే ఇతని తల్లి. లేచి తిరిగేసరికి దారులన్నీ మూసుకుపోయాయి. తరవాత ఇతను పుట్టాడు.

"వాయించీవోడా?"

"లేదు తల్లీ. గోడ పడి ఎడం సెయ్యి నలిగిపోయింది. ఏళ్ళు మడతపడీవి కావు. అయినా ఎక్కడో పాతదొకటి కొన్నాడు. నా ఎనక్కాల కూకుని నోటితో పాడీవోడు, నాను వాయించాల. తప్పు వాయిస్తే ఆ సెయ్యే ఎత్తి కొట్టబోయీవోడు."

గున్నమ్మ అతని వేళ్ళ వైపు చూసింది. వేళ్ళ కొసలు కాయలు కాసి ఉన్నాయి. "మీ అమ్మ?"

"అక్కడే ఉండిపోయింది. బర్మా సర్కారు మనవోళ్ళందర్నీ ఎల్లిపొమ్మంటే నాను వచ్చెసినాను. మా అమ్మమ్మ మంచం మీద ఉన్నాది, ఒగ్గేసి రానంది."

అప్పుడే గంగులు బజారు నుంచి వచ్చాడు. అక్క మొహం చూసి, "ఏటప్పా, అలగున్నావు?" అన్నాడు.

"ఈ బాబు మీ బావ కొడుకు" అంది గున్నమ్మ.

గంగులుకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక చేతిలో సంచి కింద పడేశాడు. "బతికే ఉన్నాడా? ఇన్నేళ్ళూ? పెళ్ళాం పిల్లల్తో సుకంగా ఉన్నాడా? ఇక్కడ మా అప్ప కూడు మానీసి గుమ్మంలో కూకున్నాది! మొగుడున్నాడో లేడో తెలీని బతుకు బతికినాది! ఒక్క మనిషి సేత కబురెట్టలేకపోయినాడా?"

గుడారంలో వాళ్ళంతా తొంగి చూశారు. కూర్మయ్య లేచి నిలబడ్డాడు. ఆమె మొహం, ఆమె బొట్టు, ఆమె గాజులు ఒకటొకటిగా చూశాడు.

"మా అమ్మకి తెలీదు" అన్నాడు. "నాకూ తెలీదు."

"నీకెలగ తెలుస్తాది" అంది గున్నమ్మ. "గంగులూ, నువ్వూరుకో. కూకో బాబూ. నన్ను పెద్దమ్మా అను."

అతను కూర్చున్నాడు. తల ఎత్తలేదు.

"ఒక్క మాట అడుగుతాను. నా పేరు గున్నమ్మ. ఎప్పుడైనా అన్నాడా?"

కూర్మయ్య ఆలోచించాడు. పెదవులు కదిలాయి. "జొరం వచ్చినప్పుడు ఏటేటో..." అని మొదలుపెట్టాడు.

"అబద్దం సెప్పకు బాబూ."

"లేదు పెద్దమ్మా" అన్నాడు.

ఆమె తల ఊపింది. కొంగు దులుపుకుని, "తేగలు ఇంకా సగం ఉన్నాయి" అంది. ఆ సాయంత్రం అవి అమ్ముడుపోయేదాకా అక్కడే కూర్చుంది. గంగులు దూరంగా బండి చక్రానికి ఆనుకుని చుట్ట కాల్చాడు.

జాతర ఆఖరున చక్రతీర్థం నాడు జనమంతా వంశధారలో స్నానాలు చేస్తుంటే, ముగ్గురూ కాస్త ఎగువకి నడిచారు. గున్నమ్మే రమ్మంది. తండ్రికి రంగూన్‌లో తెలిసినట్టు ఏదో కర్మ చేశాను గాని పద్ధతి తెలియదని కూర్మయ్య చెప్పాడు. ఏటి ఒడ్డున కూర్చున్న పంతులు గోత్రం అడిగితే అతనికి అదీ తెలియలేదు. గున్నమ్మ చెప్పింది. నువ్వులూ నీళ్ళూ వదులుతున్నప్పుడు పంతులు మూడు తరాల పేర్లు అడిగాడు. తండ్రి పేరు కూర్మయ్య చెప్పాడు. తాత పేరు తనదే గనక చెప్పాడు. ముత్తాత పేరు గున్నమ్మ గంగులు చెవిలో చెప్పింది. గంగులు పైకి అన్నాడు. అతని గొంతులో కోపం అప్పటికి చాలా తగ్గింది.

అది అయ్యాక ఆమె మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగింది. ముత్తయిదువల్ని ఎవరినైనా పిలుస్తానని గంగులు అంటే వద్దంది. గాజులు ఒక్కొక్కటే తీసి నీళ్ళలో వదిలింది. కుడి చేతివి ఒక పట్టాన రాలేదు. ఎన్నో ఏళ్ళ పొలం పనికి మణికట్టు లావెక్కింది. రాయి మీద కొట్టుకుని పగలగొట్టింది. ఒక పెంకు గీసుకుని రక్తం వచ్చింది. తడికొంగుతో బొట్టు తుడుచుకుని ఒడ్డుకి వచ్చింది. గంగులు అటు తిరిగి నిలబడ్డాడు.

"నాతో ఇజీనారం వచ్చెయ్యి పెద్దమ్మా" అన్నాడు కూర్మయ్య. "నాను సూసుకుంతాను."

"నాకు నా తమ్ముడున్నాడు. నీకు అమ్మ ఉన్నాది. ఆవిడికి కబురెట్టినావా?"

అతను వంగి తడిసిన పంచె అంచు పిండుకున్నాడు.

"ఎన్నాళ్ళయింది ఎట్టి?"

"ఈ ఏడు ఎట్టలేదు. ఏటని ఎట్టాల? తెచ్చుకునే దారి లేదు."

"బతికున్నానని ఎట్టు. తెచ్చుకోలేకపోతే తేలేనని ఎట్టు. ఆడమనిషిని అలగ ఒగ్గీకు బాబూ. ఒగ్గీకు."

కబురు పెడతానని అతను ఆమె చేతిలో చెయ్యి వేసి చెప్పాడు. ఆ మధ్యాహ్నం కంపెనీ బస్సు వెళ్ళిపోయింది.

ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి పరామర్శించి వెళ్ళారు. ఎప్పుడో పోయిన మనిషికి ఇప్పుడు ఏడవాలో లేదో వాళ్ళకి తోచలేదు. గున్నమ్మ కూడా ఏడవలేదు. వచ్చినవాళ్ళకి మజ్జిగ ఇచ్చి పంపింది.

తరవాత పది పన్నెండు రోజులకి మినపచేను పీకుతున్నారు. గంగులు ఒక సాలు, ఆమె ఒక సాలు పట్టారు. ఎండ ఇంకా ముదరలేదు. గంగులు ఏదో అడిగితే జవాబు రాలేదు. తిరిగి చూస్తే ఆమె చేలో కూలబడి ఉంది. పీకిన మొక్కలు ఒళ్ళో పెట్టుకుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

గంగులు దగ్గరికి వెళ్ళలేదు. తన సాలు చివరిదాకా పీకి, తిరిగొచ్చి, ఆమె వదిలేసిన చోటి నుంచి ఆమె సాలు పట్టుకున్నాడు.