కుంగిన గీత

ఆసుపత్రి రెండో అంతస్తులో, మెట్ల పక్కనున్న చిన్న గదిలో ఆమె ఉద్యోగం. గుండె జబ్బు ఉందేమోనని అనుమానం వచ్చినవాళ్ళను ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తుంది. ఛాతీకి అంటించిన తీగల్లోంచి వచ్చే గుండె కదలికను తెర మీద గీతలుగా చూసి, కాగితం మీదికి తీసి డాక్టరుకు ఇస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని కావడంతో అందరూ ఆమెను గీతలమ్మ అంటారు.

గుండెకు నెత్తురు సరిగ్గా అందుతున్నంతసేపూ ప్రతి శిఖరం తర్వాతా గీత మట్టానికి తిరిగొస్తుంది. అందకపోతే ఆ చోట కిందికి కుంగుతుంది. ఒక్క మిల్లీమీటరు కుంగినా పట్టించుకోవాల్సిందే. ఆ మిల్లీమీటరును పసిగట్టడంలో గీతలమ్మ కళ్ళకు పేరుంది.

ఆ రోజు లెక్కల టీచరు ఒకావిడ పరీక్షకు వచ్చింది. నాలుగో నిమిషంలో వేగం పెరగగానే ఆవిడ ముఖం పాలిపోయింది. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చెయ్యి గుండెల మీద పెట్టుకుంది.

"అమ్మా, ఇక్కడ బండరాయి పెట్టినట్టుంది."

గీతలమ్మ తెర వైపు చూసింది. గీతలు స్కేలు పెట్టి గీసినంత శుభ్రంగా ఉన్నాయి. మళ్ళీ ఆవిడ ముఖం చూసింది. ముఖాన్నే నమ్మి మిషను ఆపేసి డాక్టరును కేకేసింది. సాయంత్రానికల్లా టీచరు గుండెలో రెండు నాళాలు దాదాపుగా పూడుకుపోయాయని తేలింది. సమయానికి వైద్యం అంది బతికింది.

మరి గీత ఎందుకు కుంగలేదు?

మర్నాడు పొద్దున్నే గీతలమ్మ యంత్రంలో ఆ పరీక్షను మళ్ళీ తెరిచింది. గీతలను నునుపు చేసే వడపోత, అంటే ఫిల్టరు, పనిచేస్తూ ఉంది. దాన్ని తీసేసి చూసింది. గీతలు వణుకుతూ వచ్చాయి. ఆ వణుకులోనే, ప్రతి శిఖరం పక్కనా, రెండు మిల్లీమీటర్ల లోతున కుంగుబాటు.

ఆ వడపోత పెట్టింది తనే. ఐదు వారాల కిందట డాక్టరు విసుక్కున్నాడు. "ఏంటమ్మా ఈ గీతలు, చీమలు పాకినట్టు! చదవలేక కళ్ళు లాగేస్తున్నాయి." నడిచే మనిషి ఒళ్ళు కదులుతుంది కాబట్టి గీత వణకడం మామూలే. అయినా ఆయన మాట కాదనలేక, యంత్రంలో వెతికి ఆ వడపోత పెట్టేసింది. వణుకుతోపాటు కుంగుబాటును కూడా అది చెరిపేస్తుందని ఆమెకు తట్టలేదు.

రెండు కాగితాలూ పట్టుకుని డాక్టరు గదిలోకి వెళ్ళింది.

"సార్, తప్పు జరిగింది. నా చేత్తోనే జరిగింది."

ఆయన రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"పెట్టింది నువ్వు. పెట్టించింది నేను. ఈ ఐదు వారాల్లో ఎంతమంది?"

"ఈ టీచరు కాక అరవై ఒక్కమంది సార్."

ఇద్దరూ కూర్చుని అన్ని పరీక్షలనూ వడపోత లేకుండా మళ్ళీ చూశారు. యాభై ఎనిమిది మందికి తేడా లేదు. ముగ్గురికి గీత కుంగింది. సంగతి విన్న మేనేజరు గొంతు తగ్గించి, "మామూలు చెకప్ అని పిలవండి చాలు, కారణం ఎందుకు?" అన్నాడు.

"బాగున్నారని కాగితం ఇచ్చింది మనమే. కారణం చెప్పకపోతే ఎందుకొస్తారు?" అన్నాడు డాక్టరు.

ఫోన్లు గీతలమ్మే చేసింది. మొదటి ఇద్దరూ కాసేపు కోప్పడి, ఆ రోజే వచ్చి ఆసుపత్రిలో చేరారు. మూడో ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఆయన ఆమెకు బాగా గుర్తున్నాడు. "ముప్పై ఏళ్ళు కూర్చుని ఊరంతా తిరిగాను. ఇప్పుడు ఇంత నడిచినా ఈ గది దాటడం లేదేంటమ్మా!" అని ట్రెడ్‌మిల్ మీద ఆయాసపడుతూనే నవ్వించాడు. ఫోను ఆయన భార్య ఎత్తింది.

"ఆయన లేరమ్మా. డిపోలో బస్సు పెట్టి దిగుతూ పడిపోయారు. పద్నాలుగు రోజులైంది."

సంగతి ఫోన్లో చెప్పేది కాదు. మధ్యాహ్నం డాక్టరూ ఆమే కలిసి ఆ ఇంటికి వెళ్ళారు. ముందు గదిలో తలుపు వెనక కొక్కేనికి ఖాకీ చొక్కా వేలాడుతోంది, ఉతికి, ఇస్త్రీ చేసి. డాక్టరు ఏదీ దాచకుండా చెప్పాడు. గీతలమ్మ తన వంతు తనే చెప్పింది.

డ్రైవరు భార్య ఏడవలేదు. నెమ్మదిగా అడిగింది.

"అయితే ఆయనకు నిజంగానే నొప్పి వచ్చిందన్నమాట?"

"నిజంగానే అమ్మా."

"మెట్లెక్కుతుంటే పట్టేస్తోందే అనేవారు. కాగితంలో బాగానే ఉందిగా, డ్యూటీ ఎగ్గొట్టడానికి వేషాలా అని కసిరాను. ఆ పొద్దున కూడా కసిరాను." చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇక వెళ్ళండి. ఇప్పుడు మిమ్మల్ని చూడలేను."

మిగతావాళ్ళందరికీ జరిగింది చెబుతూ డాక్టరు తన సంతకంతో ఉత్తరాలు పంపాడు. యంత్రంలో ఆ వడపోతను ఎవరూ పెట్టడానికి వీల్లేకుండా తాళం వేయించాడు. గీతలమ్మ ఉద్యోగం మానేస్తానంటే, "నువ్వు పోతే వచ్చేవాళ్ళకు ఈ సంగతి తెలియదు" అన్నాడు. ఆమె ఉండిపోయింది. కానీ ఎవరు ట్రెడ్‌మిల్ ఎక్కినా, ముందు ఆ తాళం ఉందో లేదో రెండుసార్లు చూసుకునేది.

రెండు నెలల తర్వాత ఒక ఉదయం డ్రైవరు భార్య ఆ గది గుమ్మంలో నిలబడింది. పక్కన అచ్చం డ్రైవరు పోలికలతో ఒక మనిషి.

"మా మరిది. ఈయనకీ మెట్లెక్కితే పట్టేస్తోందట. నీ దగ్గరే చేయించాలని తీసుకొచ్చాను."

"వేరే చోటికి వెళ్ళినా తప్పు లేదమ్మా," అంది గీతలమ్మ తలెత్తకుండానే.

"వేరే చోట తప్పు జరిగితే ఇంటికొచ్చి చెప్తారని ఏముంది?"

పరీక్ష జరుగుతున్నంతసేపూ డ్రైవరు భార్య తెర పక్కనే నిలబడింది. ఆరో నిమిషంలో, వణికే గీతల మధ్య, ఒకచోట గీత కిందికి దిగింది. గీతలమ్మ వెంటనే ఆపి, మరిదిని కూర్చోబెట్టి, డాక్టరుకు కబురు పంపింది.

"ఇదేనా?" డ్రైవరు భార్య తెర మీద వేలు పెట్టింది.

"ఇదే."

"ఆయనకీ ఇలాగే ఉందా?"

"ఇలాగే అమ్మా."

ఆమె వేలు తీయకుండా అలాగే నిలబడింది. మరిదిని చక్రాల కుర్చీలో పైకి తీసుకెళ్తుంటే అప్పుడు కదిలి, అతని చొక్కా, చెప్పులు తీసుకుని వెనకే వెళ్ళింది. వారం తర్వాత మరిది తన కాళ్ళ మీద తనే నడుచుకుంటూ ఇంటికి వెళ్ళాడు. క్షమించానన్న మాట ఆమె అనలేదు. గీతలమ్మా అడగలేదు.