ఆర్పని పొయ్యి

"తాళంచెవి నాకియ్యి," అన్నాడు దశరథం.

గుర్వమ్మ అప్పుడు వంటసామాను గంపకు తాడు బిగిస్తోంది. చేతులు టక్కున ఆగిపోయాయి. పన్నెండేళ్ల కాపురంలో ఇంటి తాళంచెవి అతను ఏనాడూ అడగలేదు. అది ఎప్పుడూ ఆమె కొంగు ముడిలోనే ఉంటుంది, చాకిరీతో పాటు.

"ఎందుకు?"

"తోటల అంతమంది జనం. ఎక్కడన్న పారేసుకుంటవ్. నీకు కొంగు మీద సోయి ఉంటదా?"

అరుగు మీంచి అత్త గోవిందమ్మ అందుకుంది. "మొగుడు అడుగుతుంటే ఎందుకు అంటదేంది గీమె! ఇయ్యరాదే, నీ నాయిన కట్టిచ్చిన ఇల్లా?"

ఇవ్వకపోతే అనుమానం. గుర్వమ్మ ముడి విప్పి ఇచ్చింది. దశరథం దాన్ని మొలతాడుకు కట్టుకుని, ఏమీ ఎరగనట్టు బయటికి నడిచాడు.

ఆ ఇంటి వెనక గదిలో, జొన్నలు లేక ఖాళీగా పడున్న వెదురు గరిసెలో, ఒక మనిషి ఊపిరి బిగబట్టి కూర్చుంది. పేరు నర్సింగమ్మ. దశరథానికి సొంత చెల్లెలు.

రెండేళ్ల క్రితం, రజాకార్ల కాలంలో, నర్సింగమ్మ సంఘంవాళ్లతో కలిసి అడవికి పోయింది. తర్వాత యూనియన్ మిలిట్రీ వచ్చింది, నైజాం దిగిపోయాడు, రజాకార్లు పోయారు. సంఘంవాళ్ల వేట మాత్రం ఆగలేదు. ఊరి బడిలో పోలీసు క్యాంపు పెట్టగానే దశరథం చెరువుగట్టున నిలబడి "నా చెల్లె సచ్చింది" అని అందరికీ వినపడేట్టు చెప్పి గుండు గీయించుకున్నాడు. బతికున్న ఆడబిడ్డ దినానికి యాభైమందికి వండి వార్చింది గుర్వమ్మే. ఆ రోజు పొయ్యి ముందు కార్చిన కన్నీళ్లు పొగవల్ల వచ్చినవని అందరూ అనుకున్నారు.

నాలుగు రోజుల కింద, తెల్లవారుజామున, చలిజ్వరంతో వణుకుతూ పెరటి గోడ దూకి వచ్చిందా పిల్ల. "వదినే, నాలుగు దినాలు దాచు. జరం తగ్గితే పోత," అంది. అడవికి పోకముందు బొగ్గుముక్కతో నేలమీద గుర్వమ్మ చేత ఆమె పేరు రాయించిన పిల్ల అది. ఆ ఇంట్లో గుర్వమ్మకు ఒక పేరుందని గుర్తుపెట్టుకున్న మనిషి అదొక్కతే. ఎట్లా కాదంటుంది?

ఆ ఉదయమే గరిసె దగ్గర వంగి గుసగుసగా చెప్పింది. "ఇయ్యాల ఊరంతా తోట వంటలకు పోతాంది. అలికిడి చెయ్యకు. నేనొచ్చి గరిసె మీద మూడుసార్లు కొడితెనే లేవు."

వానలు మొహం చాటేసిన ఏడు పోచమ్మకు తోట వంటలు చెయ్యడం ఆ ఊరి ఆనవాయితీ. పొద్దున్నే ఊళ్లో ప్రతి పొయ్యీ ఆర్పేయాలి. అందరూ తాళాలేసుకుని మామిడితోటకు పోవాలి. పొద్దు గుంకేదాకా ఎవరూ పొలిమేర దాటి వెనక్కి రాకూడదు. సాయంత్రం తల్లి ముందున్న పొయ్యి నుంచి ప్రతి ఇల్లాలూ కుండలో నిప్పు తెచ్చుకుని ఇంట్లో మళ్లీ పొయ్యి రాజేయాలి. నలుగురు కూడితే లాఠీలు లేచే రోజుల్లో ఈసారి మొన్ననే పూనుకుని క్యాంపు జమేదారు దగ్గరికి పోయి పర్మిషన్ తెచ్చింది దశరథమే. "ఊరికోసం ఎంత తిప్పలు పడ్డడో!" అని అందరూ మెచ్చుకున్నారు.

తోటలో పండుగ అంటే ఇంటి పనంతా ఎండలోకి మోసుకురావడమే. గంపలు మోసింది ఆడవాళ్లు, రాళ్లు పేర్చింది ఆడవాళ్లు, దిగుడుబావి మెట్లెక్కి నీళ్లు తెచ్చింది ఆడవాళ్లు. మగవాళ్లు పెద్ద మామిడికింద జంపఖానా పరిచి పేకముక్కలతో పత్తాలు ఆడుతున్నారు. వాళ్ల మధ్యలో జమేదారు, అతని పక్కనే దశరథం. "గుర్వీ, నీళ్లు!" "గుర్వీ, జమేదార్ సాబుకు మజ్జిగ!" అని ఆ కేక అరగంటకొకసారి వస్తూనే ఉంది.

"మీ ఆయన దసరాకల్లా పోలీస్ పటేల్ అయితడంట గదనే!" పక్క పొయ్యి దగ్గర్నుంచి సైదమ్మ నవ్వింది. "పటేలమ్మవైనంక మమ్ముల గుర్తువడ్తవా లేదా?"

"పటేలమ్మ అయితె గిన్నెలు వాటంతటవే తోముకుంటయా ఏంది?" అంది గుర్వమ్మ. సైదమ్మ పకపకా నవ్వింది. గుర్వమ్మ కూడా నవ్వింది కానీ ఆమె కళ్లు మాటిమాటికీ ఊరివైపే పోతున్నాయి. యాభై పొయ్యిల పొగ చెట్లమీద దుప్పటిలా కప్పుకుంది. ఊళ్లో ఇళ్ల కప్పులు కనబడడం లేదు.

మగవాళ్ల బంతి లేచింది. తర్వాత పిల్లలు, ఆ తర్వాత ముసలివాళ్లు. ఆడవాళ్లు అడుగున మిగిలింది గీక్కోవడానికి సిద్ధమవుతుంటే దశరథం వచ్చాడు. అతని చేతిలో విస్తరాకు ఉంది.

"కూసో," అన్నాడు. "పొద్దుగాల్నుంచి నిలవడే ఉన్నవ్. నేను పెడ్త."

ఆడవాళ్లంతా నోళ్లు తెరిచారు. "అబ్బో! సూడుండ్రే, గుర్వి అదృష్టం!" అంది సైదమ్మ.

విస్తరిలో అన్నం పడింది. దానిమీద పప్పు పడింది. గుర్వమ్మ మాత్రం ఆ చేతినే చూసింది. కాన్పు పోయి రక్తం ఆగని రోజున కూడా గ్లాసెడు నీళ్లివ్వని చెయ్యి ఇది. "ఆడిదానికి గివన్నీ మామూలే, లేసి రొట్టెలు చెయ్" అన్న నోరు ఇది. ఆ చెయ్యి ఈరోజు వడ్డిస్తోంది. ఎందుకు? నిన్న సాయంత్రం అతను అన్న మాట చెవిలో గింగురుమంది. "ఇంట్ల ఎలుకలు బలిసినయే గుర్వీ. రొట్టెలు మిగుల్తలేవు." తనే తింటున్నానని ఆమె నవ్వేసింది. "తింటది నాయినా. కడుపు పండని దానికి కడుపు నింపుకునుడే పని," అని అత్త ఎప్పటిలాగే ఎత్తిపొడిచింది. దశరథం మాత్రం నవ్వలేదు.

పప్పు వెయ్యడానికి అతను ఇంకాస్త వంగాడు. మొలతాడు కనిపించింది. తాళంచెవి లేదు.

గుర్వమ్మ తల తిప్పి చూసింది. జంపఖానా మీద జమేదారు కూర్చున్న జాగా ఖాళీగా ఉంది.

అంతా ఒక్కసారిగా తెలిసింది. వాన కోసం కాదు, పోచమ్మ కోసం కాదు. ఒక ఇంటిని ఖాళీ చేయించడానికి ఊరిని ఊరే ఖాళీ చేయించాడు. నలుగురి కంటపడకుండా చెల్లెల్ని పట్టిస్తే పటేల్‌గిరీ దక్కుతుంది, మచ్చా రాదు. ఆ పిల్ల ఎట్లాగూ ఊరి లెక్కలో చచ్చిపోయిందే. మళ్లీ చచ్చినా అడిగేవాడు లేడు.

"తిను, నిమ్మలంగ తిను," అంటున్నాడు దశరథం.

పొలిమేర దగ్గర వేపతోరణం కింద కట్టెలు పట్టుకుని ఇద్దరు కాపలా ఉన్నారు. ఒంటరిగా పోతే ఆపేస్తారు. నిజం చెబితే నర్సి పట్టుబడుతుంది. ఏం చెబితే ఊరు కదులుతుంది? పన్నెండేళ్లలో తన మాట నమ్మినవాడు ఒక్కడూ లేడు. తన తప్పు అంటే మాత్రం సాక్ష్యం అడిగినవాడూ లేడు.

ఆమె విస్తరి ముందు నుంచి లేచి నెత్తి బాదుకుంది.

"అయ్యో, నా పొయ్యి! నేను పొయ్యి ఆర్పుడు మర్శిన! అగో, మా ఇంటి దిక్కు పొగ!"

పొగ ఎటు చూసినా ఉంది. అది తోటదో ఊరిదో ఎవరు చెప్పగలరు? వానల్లేని ఏడు, ఎండిన గడ్డి కప్పులు, ఒకదానికొకటి అంటుకున్న ఇళ్లు.

"సత్తెనాశనం చేస్తివి గదనే!" గోవిందమ్మ రంకె వేసింది.

"ఆగుండ్రి! పొగ లేదు, ఏం లేదు!" దశరథం చేతులడ్డం పెట్టాడు. ఎవరూ వినలేదు. వేపతోరణం తెగి కాళ్లకింద నలిగింది. కుండలు, బిందెలు, బకెట్లు పట్టుకుని ఊరంతా ఊరిమీదికి ఉరికింది.

ఇంటి తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. గడప మీద జమేదారు, లోపల అటక మీద ఇద్దరు జవాన్లు.

"ఆగ్ లేదు! నై, ఆగ్ నై! వాపస్ పోండి!" జమేదారు అరిచాడు.

"జరుగు సాబ్, ఇల్లు కాల్తాంది!" అంటూ సైదమ్మ బిందెతో సహా అతన్ని తోసుకుని లోపలికి పోయింది. ఆమె వెనక పాతికమంది ఆడవాళ్లు పోయారు. గుర్వమ్మ వెనక గదిలోకి దూరి గరిసె మీద మూడుసార్లు కొట్టింది. పైమూత లేచింది. పాలిపోయిన ముఖం ఒకటి బయటికొచ్చింది.

గది నిండా ఆడవాళ్లు. అందరూ చూశారు.  సైదమ్మ తన కొంగు చాచి చాటు పెట్టింది.

గోవిందమ్మ కూడా చూసింది. దినం పెట్టిన కూతురు ఎదురుగా నిలబడి వణుకుతోంది.  మరుక్షణం మూలనున్న ఖాళీ గంపను తీసి కూతురి నెత్తిన బోర్లించినట్టు పెట్టి, కొంగు ముఖంమీదికి లాగి, వీపుమీద ఒక్కటి చరిచింది.

"నడువే దొంగముండా! ఇల్లు కాలవెట్టి బొమ్మలెక్క నిలవడ్డవా? తోటల అన్నం మాడుతాంది, నీ అయ్య చూస్తడా? నడువ్!"

అదే గొంతు, అవే తిట్లు. పన్నెండేళ్లుగా గుర్వమ్మ తిన్నవే. గడప దగ్గర జమేదారు ప్రతి ముఖం వైపూ తేరిపార చూస్తున్నాడు. గంప కింద తల వంచుకుని పోతున్న మనిషిని మాత్రం చూడలేదు. అత్త తిడుతున్న కోడల్ని ఎవరూ కన్నెత్తి చూడరు.

గంప వీధి మలుపు దాకా ఇంకా పోవాలి. అందరి కళ్లూ ఇటే ఉండాలి. గుర్వమ్మ తలుపుకు వేలాడుతున్న తాళం నుంచి చెవి ఊడదీసి పైకెత్తింది.

"సాబ్! పొద్దుగాల నా మొగనికిచ్చిన తాళంచెవి మీ చేతికెట్లొచ్చింది?"

 తలలన్నీ అప్పుడే రొప్పుతూ వచ్చిన దశరథం వైపు తిరిగాయి. అతను జమేదారు వైపు చూశాడు. జమేదారు నేలమీద ఉమ్మి, జవాన్లను పిలుచుకుని బడివైపు నడిచాడు. "రేపు క్యాంపుకు రా, దశరథం," అన్నాడు వెనక్కి చూడకుండానే.

వీధి మలుపులో గంప మాయమైంది.

పొద్దు గుంకింది. మళ్లీ తోటకు చేరి తల్లి ముందు ఆడవాళ్లు వరసగా నిప్పు తీసుకుంటున్నారు. దశరథం గుర్వమ్మ పక్కకొచ్చి పళ్లు బిగించి, "ఇంటికి పా. చెప్త నీ సంగతి," అన్నాడు.

గుర్వమ్మ తాళంచెవిని అతని అరచేతిలో పెట్టింది. తన వంతు రాగానే కుండలో నాలుగు నిప్పులు వేయించుకుంది. పది అడుగులు నడిచి ఆగింది. చెంబెడు నీళ్లు ఆ కుండలో పోసింది. చుయ్యిమని ఆవిరి లేచింది.

గోవిందమ్మ చూసింది. తిట్టడానికన్నట్టు పెదవులు కదిలాయి. ఏమనుకుందో, కొడుకు వెనక పోకుండా వచ్చి కోడలి పక్కన రాతిమీద కూలబడింది.

కాసేపటికి తోటలోంచి చూస్తే, ఊళ్లో కప్పు కప్పుకూ పొగ లేస్తోంది. ఒక్క ఇంటి మీద తప్ప.