పల్లాలమ్మ వీపున కట్టిన ఆనపబుర్ర

నేను ఒక ఎండిన ఆనపబుర్రను. కొన్ని ఊళ్లలో సొరబుర్ర అంటారట. మా గోదావరి లంకల్లో ఈత నేర్చుకునేవాళ్ల వీపుకి నన్ను కడతారు. మునిగేవాళ్లను మునగనివ్వకుండా పైకి పట్టి ఉంచడం నా పని.

నాతో ఒకే పాదున కాసినవన్నీ లేతగా ఉండగానే కూరల్లోకి వెళ్లిపోయాయి. నన్ను మాత్రం విత్తనానికని పాక మీద వదిలేసి మర్చిపోయారు. ఎండకు ఎండి, గట్టిపడి, గాలికి గలగలమంటున్న నన్ను పడవ నడిపే ఒక ముసలాయన దింపాడు. తొడిమ దగ్గర చిల్లు పెట్టి గింజలు రాల్చేశాడు. ఆ చిల్లును మైనంతో మూసి, చుట్టూ కొబ్బరితాడుతో వల అల్లాడు. లోపల ఏమీ లేకపోవడమే నాకు అర్హత అయింది. మనుషుల్లోనూ కొందరికి అలాగే పెద్దరికం దొరుకుతుందని తరవాత రేవులో కూర్చున్నవాళ్ల కబుర్ల వల్ల తెలిసింది.

ఆ లంకలో పిల్లలు ఎందరో నా మీద ఈత నేర్చుకున్నారు. మొదట్లో నన్ను వదిలితే ప్రాణం పోతుందన్నట్టు తాడు పట్టుకుని వేలాడేవారు. ఈత వచ్చిన రోజున ముడి విప్పి ఇసుకలోకి విసిరేసి, కేకలు పెడుతూ నీళ్లలోకి పోయేవారు. మళ్లీ నా దగ్గరికి ఎవరూ రాలేదు. ఈత వచ్చి మర్చిపోయినవాళ్లను నేను చూడలేదు కూడా. ముసలాయన పోయాక చాలా ఏళ్లు పశువుల పాకలో దూలానికి వేలాడుతూ గడిపాను.

అక్కడినుంచి నన్ను దింపినది పల్లాలమ్మ. ఆవిడ ముసలాయన పెద్దకోడలు. నలభైకి దగ్గరపడిన మనిషి. రేవులో పడవ నడిపే మొగుడు వీరన్న ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. పిల్లల్లేరు. పడవ మరిది సూరన్న చేతికి వచ్చింది. అతను చెడ్డవాడేమీ కాదు, వదినకు బియ్యం పంపేవాడు. పల్లాలమ్మకు ఆ బియ్యం వండుకోవడం కష్టంగా ఉండేది. వీరన్న పడవలో తన వంతు తనకుందని, పడవ తోసే గెడ తానూ పడతానని ఒకరోజు మరిదిని అడిగింది.

"నీకు ఈత రాదు కదా వదినా," అన్నాడు సూరన్న నెమ్మదిగా. "ఈత రానిదానివి గెడ పట్టుకుంటే పడవెక్కినోళ్ల గతేంటి?"

పాక బయట జరిగిన ఆ మాటలు నేను విన్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆవిడ నువ్వన్నది నిజమేనంది. లోపలికొచ్చి, బూజు దులిపి నన్ను తీసుకుపోయింది.

నీళ్ల పక్కనే కాపురం చేసినా మోకాలి లోతు దాటి ఎప్పుడూ దిగని మనిషి ఆవిడ. చిన్నప్పుడు చెల్లెలు ఆ నీళ్లలోనే పోయింది. తన భయం ఎవరి కంటా పడకూడదని మధ్యాహ్నం, రేవు ఖాళీ అయ్యాక, రెల్లుపొదల చాటున పాయలో దిగేది. చీర గోచీ పోసుకుని నన్ను వీపుకి కట్టుకునేది. ఆవిడ గుండె నా డొప్పకు తగిలి దడదడలాడేది. మొదట్లో ఎన్నిసార్లు నీళ్లు మింగిందో, ఎన్నిసార్లు గట్టున కూర్చుని దగ్గిందో చెప్పలేను. చాకిరేవు ఆడవాళ్లు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఈ వయసులో ఈ వేషమేంటని ఒకావిడ మొహం మీదే అడిగింది. ఆ తరవాత ఇంకా లోపలికి, మనుషులు కనపడని చోటికి వెళ్లడం మొదలుపెట్టింది.

నాతో తప్ప ఆవిడ మాట్లాడడానికి ఎవరూ ఉండేవారు కాదు. "నీకేం, హాయిగా తేల్తావు," అనేది ఊపిరి తిప్పుకుంటూ. ఇంటికెళ్లాక ఆ మాటలు కూడా ఉండేవి కావు. ఒక కంచం, ఒక దీపం, గోడకి ఆనించిన వీరన్న గెడ.

భయం పోవడానికే వానాకాలం దాకా పట్టింది. ఒళ్లు బిగిస్తే నీళ్లు కిందికి లాగుతాయని, వదులైతే మోస్తాయని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టింది. వెల్లకిలా తేలడం ముందు వచ్చింది, చేతులు వేయడం తరవాత. ఊపిరి ఎప్పుడు పీల్చాలో, ఎప్పుడు వదలాలో కుదరక చాలా రోజులు విసిగిపోయింది. మానలేదు. మెల్లమెల్లగా నా తాడు మీద బరువు తగ్గుతూ వచ్చింది. ఒకనాడు అసలు బరువే తెలియలేదు. ఆ రోజు నన్ను విప్పి రెల్లు గడకు కట్టి, నా వైపు ఒకసారి చూసి, నీళ్లలోకి వెళ్లిపోయింది. విసిరేయకుండా కట్టినది ఆవిడ ఒక్కతే.

మిగతావాళ్లు ఈత రాగానే ఆపేశారు. పల్లాలమ్మ అక్కడే మొదలుపెట్టింది. ఎదురీత నేర్చుకుంది. సుడి ఎక్కడ పుడుతుందో, వడి ఏ గట్టువైపు లాగుతుందో రోజూ చూసి పట్టుకుంది. మరుసటి వేసవిలో సూరన్న చూస్తుండగా అవతలి గట్టుకి ఈది, మళ్లీ ఈదుకుంటూ వచ్చింది. అతను గెడ తీసి వదిన చేతికిచ్చాడు. అప్పటినుంచి ఒక పూట అతను, ఒక పూట ఆవిడ పడవ నడిపేవారు. నేను రేవులో గుంజకు వేలాడేదాన్ని.

ఆ తరవాత ఒక ఏడు వరదకు ఎర్రనీరు వచ్చినప్పుడు అవతలి గట్టున లంకవాళ్లు కొందరు చిక్కుకుపోయారు. పల్లాలమ్మ వంతు. ఆవిడ నీళ్లకేసి చూసి పడవ విప్పనంది. ఇంత ఈత వచ్చీ భయమేంటని సూరన్న అడిగాడు.

"వచ్చాకే తెలిసింది సూరన్నా," అంది. "ఏటికెంత బలముందో అంతకుముందు నాకు తెలీదు. పొద్దు వాలేసరికి వడి తగ్గుద్ది. ఆగు."

అతను ఆగలేదు. ఒక్కడే పడవ తోశాడు. నడి ఏటికి చేరకముందే కొట్టుకొచ్చిన మాను తగిలి పడవ బోర్లా పడింది. సూరన్న దాని అంచు పట్టుకుని వేలాడుతున్నాడు, ఒక చెయ్యి విరిగింది. గట్టు మీద అరుపులు. ఎవరో గుంజకున్న నన్ను లాగి అతని వైపు విసిరారు. పల్లాలమ్మ మాత్రం నీళ్లవైపు రాకుండా, గట్టు వెంట ఎగువకి పరుగెత్తింది. పారిపోతోందని ఒకరు తిట్టడం విన్నాను.

ఏరు నన్ను తనకు నచ్చినట్టు తోసుకుపోయింది. సూరన్న ఒకవైపు, నేను ఒకవైపు. ఇన్నేళ్లూ ఇందరికి ఈత నేర్పానని గర్వపడ్డానే, నాకు వచ్చింది తేలడమే. ఎటు పోవాలనుకున్నా పోలేను. అప్పుడు చూశాను పల్లాలమ్మని. చాలా ఎగువన దిగి, వడికి అడ్డం పడకుండా ఏటవాలుగా, దానితోపాటే వస్తోంది. తొందరలేదు. ఊపిరి సమంగా ఉంది. నా పక్కనుంచే, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా వెళ్లింది. చెయ్యి చాచలేదు. తిన్నగా బోర్లాపడిన పడవ దగ్గరికి చేరింది.

మిగతాది నేను చూడలేదు. మరిదిని వెనకనుంచి చంకల కింద పట్టుకుని దిగువన ఇసుకమేట మీదికి చేర్చిందని తరవాత విన్నాను. వడి తగ్గాక వేరే పడవలో అవతలివాళ్లను కూడా తెచ్చిందట. నేను ఒక తుమ్మచెట్టు మొదలుకి కొట్టుకుని పగిలి, బురదలో పడి ఉన్నాను. నీళ్లు తీశాక పల్లాలమ్మే వెతుక్కుంటూ వచ్చింది. పగులు మీద బొటనవేలితో రాసింది. ఇంటికి తెచ్చి చూరుకి కట్టింది. పగిలిన బుర్ర నీళ్లకు పనికిరాదని ఆవిడకు తెలుసు.

ఇప్పుడు వంతెన వచ్చింది. రేవు ఆగిపోయింది. సూరన్న వంతెన దగ్గర టీకొట్టు పెట్టుకున్నాడు. లంక పిల్లలు ఈత నేర్చుకోవడానికి ఏటికి అంతగా రారు, వచ్చినా ఖాళీ నూనెడబ్బాలు కట్టుకుని వస్తారు. పల్లాలమ్మ జుట్టు నెరిసింది. మధ్యాహ్నం అయ్యేసరికి మాత్రం గోచీ పోసుకుని పాయకి బయల్దేరుతుంది. పడవే లేదు కదా, ఇంకా ఎందుకీ ఈత అని ఒకసారి సూరన్న అడిగాడు.

"నాకు వచ్చు గనక," అంది.

అతను టీకొట్టుకి వెళ్లిపోయాడు, ఆవిడ ఏటికి వెళ్లిపోయింది. నీళ్లలో చేతులు పడే చప్పుడు చూరు దాకా వినిపిస్తుంది. ముందు దగ్గరగా, తరవాత పలచగా. ఒక్కోరోజు ఆవిడ చాలా దూరం వెళ్లిపోతుంది, చప్పుడు ఇక నాకు అందదు. అప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే ఉంటాను.