రోట్లో మొదటి ముద్ద

ఇటు రా నాయనా, ఆ పేము కుర్చీ కాస్త నా దగ్గరికి జరుపుకో. లోపల బల్ల ఖాళీ అయి నీ పేరు పిలిచేసరికి ఇంకా చాలా సేపు పడుతుంది. ఈ హోటలు గుమ్మంలో నిలబడ్డవాళ్ళంతా ఫోన్లు చూసుకుంటున్నారు, నువ్వొక్కడివే నన్ను చూశావు. నాలో నీళ్ళు పోసి బంతిపూలు వేశారని పూలకుండీ అనుకునేవు. నేను ఒక రోలును. పచ్చళ్ళు నూరే రోలును. చదువూ సంధ్యా లేవు గానీ, నా కడుపులో పడ్డది ఏదీ మరిచిపోలేదు.

నేను పుట్టింది పల్నాటి గుట్టల్లో. అంకయ్య అనే రాతిపనివాడు నన్ను ఎండలో కూర్చుని తొలిచాడు. రోలు చెయ్యడంలో కష్టమంతా కడుపు తొలవడంలోనే ఉంది. ఉలి ఒక్కసారి తప్పితే రాయి రెండు చెక్కలు. నా కడుపు నున్నగా దిగాక అతని భార్య చెంబుడు నీళ్ళు పోసి, "దీని కడుపెప్పుడూ ఖాళీగా ఉండకూడదు తల్లీ" అంది. మంచి మనిషి. ఆమె దీవెన ఇట్లా బంతిపూలకి పనికొస్తుందని ఆమెకేం తెలుసు?

తిరునాళ్ళలో నన్ను కొన్నది నరసరావుపేట సీతారావమ్మ. వేలి కణుపులతో నన్ను కొట్టి, చెవి ఆనించి విని మరీ బేరమాడింది. ఇంటికి తెచ్చి ముందు ఊక దంచింది, తరవాత నూకలు దంచింది. రాతిపొడి రాలడం ఆగిందని నాలుకతో చూసుకున్నాకే దోసకాయ పచ్చడి నూరింది. ఆమెకొక పద్ధతి ఉండేది. పచ్చడి గిన్నెలోకి తీశాక నన్ను కడిగేది కాదు. అంచులకి అంటుకున్న పచ్చడిలో వేడి వేడి అన్నం వేసి, నెయ్యి వేసి, నాలోనే కలిపేది. మనవరాలు నీరజ సెలవులకి వస్తే నా ముందు బాసింపట్టు వేసుకుని నోరు తెరుచుకుని కూర్చునేది. మగవాళ్ళు అన్నానికి తొందరపెడితే సీతారావమ్మ లోపలి నుంచి కేకేసేది:

"ఉండండయ్యా! రోట్లో మొదటి ముద్ద ఇంటి పిల్లది. ఆ తరవాతే అల్లుడైనా, ఆయన బాబైనా!"

తరవాత మిక్సీ వచ్చింది. నన్ను పెరట్లో కుళాయి కిందికి దొర్లించారు. కాళ్ళు కడుక్కునేవాళ్ళు ఒక కాలు నా మీద పెట్టేవాళ్ళు. మద్దెలైనా దగ్గరుంటే మొరపెట్టుకుందును, అదీ లేదు. సీతారావమ్మ పోయాక ఇత్తడి బిందెలూ, గంగాళాలూ పంచుకుంటుంటే నీరజ నన్నిమ్మని అడిగింది. ఆమె పిన్ని పకపకా నవ్వింది. "ఏందే అమ్మాయ్, హైదరాబాదులో రాళ్ళు లేవా, ఇక్కణ్ణించి మోసకపోతన్నావు?"

అట్లా నేను నిజాంపేటలో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తు చేరాను. ఎక్కించేటప్పుడు లిఫ్టు తలుపు తగిలి నా అంచున చిటికెన వేలు పట్టేంత పెచ్చు ఊడింది. నీరజ కూతురు హిత ఆ గాడిలో వేలు పెట్టి, "అమ్మా, రోలుకి పన్ను ఊడింది, నాలాగే" అంది. అప్పుడు దానికి ముందరి పళ్ళు లేవు.

నీరజకి పెద్ద కంపెనీలో పెద్ద ఉద్యోగం. పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని, చెవిలో ఎవరో ఇంగ్లీషులో మాట్లాడుతుంటే తల ఊపుతూ కొత్తిమీర నూరడం నేను చూశాను. హితకి అన్నం పెట్టేది వంటమనిషి, కథ చెప్పేది ఫోను. ఆదివారం ఒక్కరోజు నీరజ నాలో అన్నం కలిపి పిల్లకి తినిపించేది. ఒక ఆదివారం గోంగూర ముద్ద మింగి, వేళ్ళు నాకుతూ ఆ పిల్ల అంది: "అమ్మా, రోజూ ఆదివారం చెయ్యరాదూ?"

మర్నాడే నీరజ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది. రోటి పచ్చళ్ళు నూరి అమ్ముతానంది. ఆమె భర్త ఫణీంద్ర కాసేపు నన్నూ కాసేపు ఆమెనీ చూశాడు.

"ఇంత చదువూ చదివి, చివరికి రోట్లో తల పెడతానంటావు."

"ఇన్నాళ్ళూ ఆఫీసు ఎటు తిప్పితే ఇల్లు అటు తిరిగింది ఫణీ. ఇక ఇంటిని బట్టే నా పని. హిత బడి నుంచి వచ్చేసరికి నేను ఇంట్లో ఉంటాను. దానికి రోజూ రోట్లో ముద్ద పెడతాను. అంతే, నాకింకేం వద్దు."

"మరి నాకో?"

"నువ్వు అల్లుడి లైన్లో నిలబడు."

సీసా మీద అంటించే కాగితం మీద నా బొమ్మ వేయించింది. దాని కింద 'హిత రోటి పచ్చళ్ళు' అని పేరు. పిల్ల మురిసిపోయి బడికి ఒక సీసా పట్టుకెళ్ళింది. నిజం చెప్పనా నాయనా, ఆ మొదటి నెలలు నా జన్మలో మంచి కాలం. మధ్యాహ్నం నూరేది, బడి బస్సు చప్పుడు వినగానే కుక్కరు దించేది. ఆ పిల్ల సంచీ కూడా దించకుండా వచ్చి నా ముందు కూలబడేది.

మనుషులకి బాగా సాగుతున్నదాన్ని అట్లాగే సాగనివ్వడం చేతకాదు. పచ్చడి బాగుందని నలుగురు నలభై మందికి చెప్పారు. ఒకరోజు ఎవరో గృహప్రవేశానికి టమాటా పచ్చడి సీసాలు అడిగారు. ఆఖరి సీసా మెడ దాకా రాలేదు, రవ్వంత తక్కువ. హిత కంచం పట్టుకుని నిలబడి ఉంది. నీరజ రబ్బరు గరిటె తీసి నా కడుపంతా నున్నగా గీకి ఆ సీసాలో నింపింది.

"అమ్మా, ముద్ద?"

"ఇది ఆర్డరుది బంగారం. రేపు కలుపుతా కదా."

సీతారావమ్మ నన్ను వేడన్నంతో తుడిచేది. రబ్బరుతో తుడవడం అదే మొదలు. గరిటె ఒకసారి రుచి మరిగాక ఇక మానుతుందా? రేపు అన్నది మర్నాడూ రేపే అయింది. కొన్నాళ్ళకి హిత కంచం తేవడం మానేసి, సీసాలు లెక్కపెడుతున్న తల్లిని చూస్తూ అడిగింది: "నా పేరున్న సీసాని నేనే ముట్టుకోకూడదా?" నీరజ నవ్వేసింది. పక్కనే ఉన్న నాకు నవ్వు రాలేదు.

కింది అంతస్తులో చలపతి గారని ఒక పెద్దాయన. ఖాళీ సీసా పట్టుకుని పైకొచ్చాడు. "అమ్మా, మీ గోంగూర అమృతం. దీన్ని నింపండి. అట్లాగే ఆ దంచుడు ఆపండి, నా నెత్తిన పడుతున్నట్టే ఉంది." పచ్చడి కావాలి, దంచిన చప్పుడు మాత్రం వద్దు! అపార్టుమెంటు సంఘం వాళ్ళు కూడా ఆయన మాటే అన్నారు. దాంతో నీరజ నాలుగు వీధుల అవతల ఒక షట్టరు గది అద్దెకు తీసుకుని, నన్నూ అక్కడికి మోయించింది. పని ఇంట్లో ఉంటుందని కదా ఉద్యోగం వదిలింది? ఆ పనే ఇల్లు వదిలిపోయింది, వెంట ఆమెనూ లాక్కుపోయింది. పొద్దున హిత లేవకముందు షట్టరు తీసేది, హిత పడుకునే వేళకి దించేది. అన్నం పెట్టేది మళ్ళీ వంటమనిషే.

పచ్చడి బండ ఎత్తీ దించీ ఆమె మణికట్టు వాచింది. అప్పుడు పెద్ద గ్రైండరు కొన్నది. నన్ను షట్టరు ముందు బొట్టు పెట్టి నిలబెట్టింది. సీసాల మీద నేనే, లోపల గ్రైండరు. నాలుక ఉన్నవాళ్ళు కనిపెట్టేశారు. "అప్పటి రుచి లేదండీ" అంటూ ఒక్కొక్కరే జారుకున్నారు. కొనేవాళ్ళు తగ్గేకొద్దీ ఆమె ఇంకా ఎక్కువసేపు అక్కడే కూర్చునేది. అదేం లెక్కో నా రాతిబుర్రకి ఎక్కలేదు.

ఒక మధ్యాహ్నం హిత ఇంటి తాళంచెవి కోసం షట్టరు దగ్గరికి వచ్చింది. తల్లి భుజం దాకా ఎదిగింది. ఆ రోజు ఆర్డర్లు లేవు. నీరజ కళ్ళు ఒక్కసారి వెలిగాయి. నన్ను లోపలికి దొర్లించి, కడిగి, వాచిన చేత్తోనే గోంగూర నూరింది. తన డబ్బాలోని అన్నం వేడి చేసి, నెయ్యి వేసి, నాలో కలిపింది. ఎన్నాళ్ళకి! నా ప్రాణం లేచొచ్చింది. ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది.

హిత తల వెనక్కి తీసుకుంది. కోపంతో కాదు నాయనా, అదే నా బాధ. మర్యాదగా అడిగింది.

"ఇది ఎవరి ఆర్డరమ్మా?"

"నీదేనే. నీకే."

"వద్దులే, తింటే మళ్ళీ నువ్వు నూరుకోవాలి. నేను బయట తినేశాను."

తాళంచెవి తీసుకుని వెళ్ళిపోయింది. నీరజ ఆ ముద్ద పట్టుకుని అట్లాగే కూర్చుంది. నెయ్యి పేరుకుంది. తరవాత నాలో నీళ్ళు పోసి కడిగేసింది. అన్నంతో సహా. నా ఇన్నేళ్ళ బతుకులో అన్నం పారబోయడం అదొక్కసారే చూశాను.

షట్టరు మూతపడింది. నీరజ పాత కంపెనీలోనే, ఒకప్పుడు తన తరవాత చేరిన ఒక పిల్ల చేతి కింద మళ్ళీ ఉద్యోగంలో చేరింది. గ్రైండరుని ఈ హోటలువాళ్ళు కొన్నారు. పల్లెటూరి కళ వస్తుందని, దాంతోపాటు నన్నూ ఊరికే పట్టుకొచ్చారు.

మొన్న వాళ్ళు ముగ్గురూ భోజనానికి వచ్చారు. ఇదిగో, నువ్వు కూర్చున్న చోటే కూర్చున్నారు. హిత ఫోను చూస్తూ చూస్తూ చెయ్యి నా మీద వేసింది. వేలు ఆ పెచ్చు ఊడిన గాడిలో పడింది. కాసేపు తీయలేదు.

"అమ్మా, ఇది మన రోలు కదూ?"

నీరజ నా వంక చూసింది. ఆమె ఎరగకపోవడమేమిటి?

"అన్ని రోళ్ళూ ఇట్లాగే ఉంటాయిలే" అంది.

హిత వేలు తీసేసుకుంది. లోపల గోంగూర అడిగారట, బాగుందట.

అదుగో, నీ పేరు పిలుస్తున్నారు, లే నాయనా. నేనిక్కడి నుంచి కదిలేది లేదు. చెప్పుకోవడానికి నాకింక ఇల్లూ లేదు. ఈ కథ నీ దగ్గర పెట్టుకో. ఎప్పుడైనా నీ ఇంట్లో వేడన్నం దించినప్పుడు, కంచం పట్టుకుని ఎవరైనా నిలబడి ఉంటే, ముందు వాళ్ళకి పెట్టి, ఆ తరవాత ఈ కథ చెప్పు. సీతారావమ్మ మాట కూడా చెప్పు, రోట్లో మొదటి ముద్ద ఇంటి పిల్లదని. నా కడుపులో ఇప్పుడు పూలున్నాయి, నేను చెబితే ఎవరు నమ్ముతారు?